పెళ్ళయి మూడేళ్ళు, పిల్లల్లేరు: పరీక్షలు ఎవరితో మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీకు 29, మీ ఆయనకు 33. పెళ్ళయి మూడేళ్ళు దాటింది. స్కానింగ్ చూసి పీసీఓడీ (ఎగ్ సరిగా విడుదల కాని అండాశయాల సమస్య) అన్నారు. ఏడాదిగా ఎగ్ పెరిగే మాత్రలు వాడుతున్నారు, ఫలితం లేదు. ఆయన మాత్రం "నేను బాగానే ఉన్నాను, నాకెందుకు టెస్టులు" అంటున్నారు. అసలు ఆడవాళ్ళలో, మగవాళ్ళలో ఏ కారణాల వల్ల పిల్లలు కలగరు, మీ ఇద్దరిలో లోపం ఎవరిదో ఎలా తెలుస్తుంది అని.

ముందు సూటిగా జవాబు. ఆయన వీర్య పరీక్ష రిపోర్టు చేతికి వచ్చేదాకా ఎగ్ పెరిగే మాత్రల ఇంకో కోర్సు మొదలుపెట్టకండి. థైరాయిడ్ మందో, షుగర్ మందో వాడుతుంటే అవి మాత్రం ఆపొద్దు. మీకు పీసీఓడీ నిజంగానే ఉండొచ్చు. అయినా కారణమంతా మీ దగ్గరే ఉందని అనుకోవడానికి లేదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా ఏదో ఒకటి ఉంటుంది. కొందరిలో అదొక్కటే కారణం, ఎక్కువమందిలో భార్య వైపు ఉన్న చిన్న సమస్యతో కలిసి పని చెడుతుంది. రెండో వైపు చూడకుండా మొదటి వైపు ఏడాది మందులు వాడితే డబ్బూ వయసూ రెండూ పోతాయి.

నేను గైనకాలజిస్టుని. కృష్ణా జిల్లాలో ఒక టౌన్‌లో చాలా ఏళ్ళుగా ప్రాక్టీస్ చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే జంటల్లో తరచూ చూసేది ఇదే. అమ్మాయి ఒళ్ళో లావుపాటి ఫైలు ఉంటుంది. నాలుగైదు ఆసుపత్రుల స్కానింగులు, ఫాలిక్యులర్ స్టడీ కాగితాలు, హార్మోన్ రిపోర్టులు, ఒక్కోసారి లాపరోస్కోపీ సీడీ కూడా. అబ్బాయి పేరు మీద ఒక్క కాగితం ఉండదు. పక్కన కూర్చున్న అత్తగారే వివరాలన్నీ చెప్తారు. "మరి మీ అబ్బాయి టెస్టు ఏదమ్మా?" అంటే "వాడికేం డాక్టరమ్మా, పులిలా ఉంటాడు" అని జవాబు. ఈలోగా ఆ పులి బండి ఎక్కడ పెట్టాడో చూసొస్తానని బయటికి వెళ్ళిపోతాడు.

పులిలా ఉండటానికీ వీర్యకణాల సంఖ్యకూ సంబంధం లేదు. మీ ఆయనకు ఇది అర్థమయ్యేలా చెప్పండి, సగం గొడవ తీరుతుంది. బయటికి వచ్చే వీర్యంలో ఎక్కువ భాగం సెమినల్ వెసికిల్స్, ప్రోస్టేట్ గ్రంథుల నుంచి వచ్చే ద్రవమే. వీర్యకణాలున్న భాగం అందులో చాలా కొద్ది. కాబట్టి కణాలు కోట్లలో ఉన్నా, ఒక్కటీ లేకపోయినా కంటికి ఒకేలా కనిపిస్తుంది. కోరిక, అంగస్తంభన, కలయిక అన్నీ మామూలుగా ఉన్నవారిలోనే నేను సున్నా కౌంట్ రిపోర్టులు ఎన్నో చూశాను. మగతనం మీద అనుమానంతో చేసే పరీక్ష కాదిది, రక్త పరీక్ష లాంటిదే. సూది కూడా అక్కర్లేదు. ఖర్చు కొన్ని వందలు. మీకు ఇప్పటిదాకా చేసినవాటిలో అన్నిటికన్నా చవకైన స్కానింగ్ కూడా దాదాపు అంతకంటే ఎక్కువే అయి ఉంటుంది.

టెస్టు ఎలా చేయించాలి. రెండు నుంచి ఏడు రోజులు కలయిక గానీ హస్తప్రయోగం గానీ లేకుండా ఉండి శాంపిల్ ఇవ్వాలి. ల్యాబ్‌లో ఇవ్వడం మేలు. అక్కడి బాత్రూములో టెన్షన్ వల్ల కుదరకపోతే ఇంట్లో తీసి, డబ్బాను చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని అరగంట, మహా అయితే గంటలోపు చేర్చాలి. మామూలు కండోమ్‌లో పట్టకూడదు, దానికి ఉండే జెల్ కణాలను చంపుతుంది. మొదటి చుక్కలు కింద పడిపోతే ఆ మాట ల్యాబ్‌లో చెప్పాలి, ఎందుకంటే కణాలు ఎక్కువగా ఉండేది ఆ మొదటి భాగంలోనే. సిగ్గుపడి చెప్పకపోవడం వల్ల కౌంట్ తక్కువ అని ముద్ర పడినవాళ్ళున్నారు.

రిపోర్టులో ముఖ్యంగా చూసేవి: పరిమాణం 1.4 మి.లీ., మి.లీ.కి కోటీ అరవై లక్షల కణాలు, మొత్తం కదలిక 42 శాతం, ముందుకు కదిలేవి 30 శాతం, సరైన ఆకారం ఉన్నవి 4 శాతం. ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస అంకెలు. కొన్ని ల్యాబులు ఇంకా 2010 నాటి అంకెలే అచ్చు వేస్తాయి, తేడా కొద్దిగానే. ఆకారం దగ్గర చాలామంది హడలిపోతారు. "డాక్టర్ గారూ, 96 శాతం పాడైపోయాయట" అని రాత్రి పదకొండింటికి ఫోన్ చేసినవాళ్ళున్నారు. 4 శాతం మంచివి ఉంటే అది మామూలు రిపోర్టే. ఈ అంకెల కింద ఉంటే పిల్లలు పుట్టరనీ కాదు, పైన ఉంటే ఖాయమనీ కాదు.

ఒక్క రిపోర్టు చూసి తీర్పు చెప్పకూడదు. వీర్యకణం తయారై బయటికి రావడానికి రెండున్నర నుంచి మూడు నెలలు పడుతుంది. అంటే రెండు నెలల కిందట డెంగ్యూ వచ్చి ఒళ్ళు కాలిపోయి ఉంటే, ఆ దెబ్బ ఇవాళ్టి శాంపిల్‌లో కనిపిస్తుంది. బాగోలేకపోతే కొన్ని వారాల తర్వాత మళ్ళీ చేయించాలి, జ్వరం లాంటి కారణం ఉంటే మూడు నెలలు ఆగి చేయించాలి.

ఇక మగవారిలో కారణాలు. అన్నిటికన్నా తరచుగా దొరికేది వేరికోసీల్, అంటే వృషణాల పైన సిరలు ఉబ్బడం. ఎక్కువగా ఎడమ వైపు ఉంటుంది. వరిబీజం ఇది కాదు, అది నీరు చేరడం. మామూలు మగవారిలోనూ వందలో పదిహేను మందికి వేరికోసీల్ ఉంటుంది, వాళ్ళలో చాలామందికి పిల్లలు పుడుతూనే ఉంటారు. అందుకే స్కానింగ్‌లో మాత్రమే కనిపించే చిన్నదానికి ఆపరేషన్ అంటే నేను ఒప్పుకోను. నిలబెట్టి చేత్తో చూస్తే తెలిసేంత ఉండి, కౌంట్ కూడా తగ్గి ఉంటే అప్పుడు ఆపరేషన్‌కి అర్థం ఉంది.

ఈమధ్య కొత్తగా పెరిగింది జిమ్ కేసులు. కండలు రావాలని ఎవరో కోచ్ చెప్పిన ఇంజెక్షన్లు వాడిన కుర్రాళ్ళు. బయటి నుంచి టెస్టోస్టిరాన్ వస్తుంటే మెదడు "చాలు, ఇక ఉత్పత్తి ఆపండి" అని కబురు పంపుతుంది. వృషణాలు పని మానేస్తాయి, కౌంట్ సున్నాకి కూడా పడిపోతుంది. మా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి ఈ సంగతి భార్య ముందు చెప్పలేదు. ఆమెను రక్త పరీక్షకి పంపి ఒంటరిగా అడిగితే అప్పుడు ఫోన్‌లో ఆ సీసా ఫోటో తీసి చూపించాడు. ఆపేశాక చాలామందిలో కౌంట్ తిరిగి వస్తుంది, కానీ ఆరు నెలలు, ఏడాది, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. కౌంట్ పెరగడానికని ఎవరైనా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ రాస్తే వద్దనండి. అది సరిగ్గా వ్యతిరేకంగా పనిచేస్తుంది.

కౌంట్ సున్నా వచ్చినప్పుడు కథ రెండు దారులు. కణాలు తయారవుతున్నా నాళం మూసుకుపోయి బయటికి రాకపోవడం ఒకటి. అసలు తయారీయే లేకపోవడం రెండోది. మొదటిదానికి రిపోర్టులోనే గుర్తులుంటాయి. పరిమాణం బాగా తక్కువ, ద్రవం ఆమ్ల గుణంతో ఉండటం, ఫ్రక్టోజ్ లేదని రాయడం. అప్పుడు యూరాలజిస్టు వృషణాల పైభాగంలో వేళ్ళతో తడిమి చూస్తారు. నాళం సన్నని గట్టి తాడులా తగలాలి. కొందరికి పుట్టుకతోనే అది ఉండదు. అలాంటివారిలో వృషణాల నుంచే సూదితో కణాలు తీసి ఇక్సీ (ల్యాబ్‌లో ఒక్కో ఎగ్‌లోకి ఒక్కో కణాన్ని ఎక్కించడం) చేయొచ్చు. అయితే ఈ లోపానికి సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య ఊపిరితిత్తుల జబ్బు జన్యువుతో సంబంధం ఉంది కాబట్టి ముందు ఇద్దరికీ జన్యు పరీక్ష చేయించాలి.

తయారీ లేని దారిలో చాలావరకు వృషణాలు చిన్నగా ఉంటాయి, రక్తంలో ఎఫ్ఎస్‌హెచ్ (కణాలు తయారుచేయమని మెదడు కింది గ్రంథి పంపే హార్మోన్) ఎక్కువ ఉంటుంది. పెద్దయ్యాక గవదబిళ్ళలు వచ్చి వృషణాలకు పాకడం, చిన్నప్పుడు వృషణం సంచిలోకి దిగకపోతే సకాలంలో ఆపరేషన్ చేయించకపోవడం, క్యాన్సర్ మందులు, ఎక్స్ క్రోమోజోము ఒకటి అదనంగా ఉండే క్లైన్‌ఫెల్టర్, వై క్రోమోజోములో చిన్న ముక్క లేకపోవడం, ఇవన్నీ ఇక్కడికి వస్తాయి. ఎఫ్ఎస్‌హెచ్ ఎక్కువ కాకుండా బాగా తక్కువ ఉంటే మాత్రం ఆశపడాల్సిన సంగతి. అంటే వృషణాల్లో కాదు, పై నుంచి ఆదేశం రావడంలో లోపం. గడ్డం సరిగా రాని అబ్బాయిని నేను "మల్లెపూల వాసన తెలుస్తుందా?" అని అడిగితే ఇంట్లోవాళ్ళు వింతగా చూస్తారు. వాసన పుట్టుకతో తెలియకపోవడం, ఈ హార్మోన్లు లేకపోవడం రెండూ కలిసి ఉండే జబ్బు ఒకటుంది. హార్మోన్ ఇంజెక్షన్లు ఓపికగా చేయించుకుంటే వీరిలో చాలామందికి కణాలు వస్తాయి.

మిగతావి త్వరగా చెప్తాను. వృషణాలు ఒంటి వేడి కన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉండాలి, అందుకే అవి బయట ఉన్నాయి. బాయిలర్ల దగ్గర, ఇటుక బట్టీల దగ్గర, వంటశాలల్లో గంటల తరబడి పనిచేసేవారిలో కౌంట్ తగ్గొచ్చు. సిగరెట్, ఖైనీ, గుట్కా, మితిమీరిన మందు, బాగా పెరిగిన బరువు. అదుపులో లేని షుగర్ వల్ల వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి వెళ్ళిపోవచ్చు. పేగుల జబ్బుకి, కీళ్ళకి వాడే సల్ఫాసలజీన్ అనే మాత్ర కూడా కౌంట్ తగ్గిస్తుంది, మారిస్తే తిరిగి పెరుగుతుంది. అందుకే ఆయన వాడే మందులన్నీ చీటీ మీద రాసి తీసుకెళ్ళండి.

ఇప్పుడు మీ వైపు. స్కానింగ్‌లో నీటి బుడగలు కనిపించినంత మాత్రాన పీసీఓడీ కాదు. మూడింటిలో రెండు ఉండాలి: నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్లు ఎక్కువైన గుర్తులు (గడ్డం మీద రోమాలు, మొండి మొటిమలు లేదా రక్త పరీక్షలో తేలడం), స్కానింగ్‌లో ఆ రకం అండాశయాలు. మీకు డేట్ 28, 30 రోజులకు గడియారంలా వస్తుంటే మీలో ఎగ్ దాదాపుగా విడుదలవుతూనే ఉందని అర్థం. అప్పుడు కారణం వేరేచోట వెతకాలి. నలభై, అరవై రోజులకోసారి వస్తుంటే పీసీఓడీ నిజమైన కారణమే. దీనికి మొదటి మందు ఇప్పుడు లెట్రొజోల్. బరువు ఎక్కువ ఉంటే ఐదు నుంచి పది శాతం తగ్గినా చాలామందిలో డేట్ సర్దుకుంటుంది. 70 కిలోలుంటే నాలుగైదు కిలోలు తగ్గితే తేడా కనిపించొచ్చు. సన్నగా మారిపోవాల్సిన పని లేదు.

ఎగ్ విడుదలను ఆపే ఇంకో రెండు: థైరాయిడ్ తేడా, ప్రొలాక్టిన్ (పాలు తయారుచేయించే హార్మోన్) పెరగడం. ప్రొలాక్టిన్ దగ్గర మన ప్రాంతంలో ఒక తమాషా ఉంది. గ్యాస్ ట్రబుల్ అని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే క్యాప్సూళ్ళలో చాలావాటిలో డోంపెరిడోన్ గానీ లెవోసల్పిరైడ్ గానీ కలిసి ఉంటుంది. ఇవి ప్రొలాక్టిన్‌ని పెంచుతాయి. పాలిచ్చే తల్లి కాకపోయినా రొమ్ముల్లోంచి పాలు వస్తున్నాయని భయపడి వచ్చిన అమ్మాయి హ్యాండ్‌బ్యాగ్ తెరిపిస్తే సగం వాడిన గ్యాస్ స్ట్రిప్ బయటపడింది. తల ఎంఆర్‌ఐ అప్పటికే రాసి ఉంది. ఆ క్యాప్సూళ్ళు ఆపి మళ్ళీ రక్తం చూస్తే అంకె మామూలుకి వచ్చింది. మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులూ ఇలాగే చేస్తాయి, వాటిని మాత్రం సొంతంగా ఆపకూడదు.

తర్వాత ట్యూబులు. ఎగ్, కణం కలుసుకునేది అక్కడే. అవి మూసుకుపోతే మాత్రలెన్ని వాడినా లాభం లేదు. పాత ఇన్ఫెక్షన్లు, అబార్షన్ తర్వాత వచ్చిన ఇన్ఫెక్షన్, అపెండిక్స్ పగిలి జరిగిన ఆపరేషన్, మన దేశంలో ముఖ్యంగా గర్భసంచికి, ట్యూబులకు వచ్చే టీబీ. ఈ టీబీకి దగ్గు ఉండక్కర్లేదు, ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉండొచ్చు. మునుపు మామూలుగా అయ్యే నెలసరి క్రమంగా ఒక్క రోజు మరకకు తగ్గిపోయిందంటే నేను దీన్ని తలచుకుంటాను. గర్భసంచి లోపలి పొర నుంచి ముక్క తీసి పరీక్ష చేయాలి. నెలసరి రక్తంలో పీసీఆర్ (టీబీ క్రిమి జన్యు పదార్థాన్ని వెతికే పరీక్ష) పాజిటివ్ అన్న ఒక్క కాగితం చూసి ఆరు నెలల టీబీ మందులు మొదలుపెట్టడం నాకు నచ్చదు.

ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో హెచ్‌ఎస్‌జీ ఎక్స్‌రేలో చూస్తారు. డేట్ ఆగాక, అది మొదలైన రోజు నుంచి లెక్కిస్తే ఆరో రోజు నుంచి పదో రోజు మధ్య. నొప్పి ఉంటుంది, ముందే మాత్ర వేసుకుని వెళ్ళండి. ఆ నొప్పికి ట్యూబు మొదట్లో బిగుసుకుని, మూసుకున్నట్టు తప్పుగా కనిపించడమూ ఉంది. ట్యూబు నీటితో ఉబ్బి ఉంటే మాత్రం అది వేరే సంగతి. ఆ నీరు గర్భసంచిలోకి కారి ఐవీఎఫ్‌ని (టెస్ట్ ట్యూబ్ బేబీ పద్ధతిని) కూడా చెడగొడుతుంది, ముందు ఆ ట్యూబు తీసేయాల్సి రావచ్చు.

డేట్ టైములో మంచం మీద నుంచి లేవలేనంత నొప్పి, కలయికలో లోపల నొప్పి ఉన్నాయా? "పెళ్ళయితే తగ్గుతుందిలే" అని అమ్మలు సర్దిచెప్పే ఈ నొప్పి చాలాసార్లు ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం. దానిలోదే అండాశయంలో పాత రక్తం చేరే చాక్లెట్ సిస్టు. సిస్టు కనిపించగానే ఆపరేషన్‌కి పరిగెత్తొద్దు. కోసిన ప్రతిసారీ ఎగ్స్ నిల్వ కొంత పోతుంది. గడ్డల సంగతికొస్తే, ఫైబ్రాయిడ్ గర్భసంచి లోపలి గదిలోకి పొడుచుకొచ్చి ఉంటేనే పెద్ద అడ్డంకి. బయటి గోడ మీద ఉన్న చిన్న గడ్డను చాలాసార్లు వదిలేయొచ్చు.

వయసు గురించి దాచడానికేం లేదు. ఆడపిల్ల పుట్టేటప్పుడే ఎగ్స్ అన్నీ ఉంటాయి, కొత్తవి తయారవవు. 35 దాటాక సంఖ్యా నాణ్యతా రెండూ వేగంగా తగ్గుతాయి. అందుకే మామూలుగా ఏడాది ప్రయత్నించాక పరీక్షలు అంటాం, 35 దాటితే ఆరు నెలలకే. మీకు 29, భయపడే వయసు కాదు. ఏఎమ్‌హెచ్ అనే రక్త పరీక్ష తక్కువ వచ్చిందని ఎవరైనా "ఇప్పుడే ఐవీఎఫ్ చేయించకపోతే ఇక లేదు" అంటే కొంచెం ఆగండి. ఆ పరీక్ష ఎగ్స్ నిల్వ ఎంతో చెప్తుంది. నెలనెలా ఎగ్ వచ్చే అమ్మాయికి మామూలుగా గర్భం వస్తుందా రాదా అనేది అది చెప్పలేదు.

ఇక ఎవరూ అడగనివి. మూడేళ్ళలో మీరు నిజంగా కలిసి ఉన్నది ఎన్ని నెలలు? జగిత్యాల, నిజామాబాద్, కడప వైపు నుంచి గల్ఫ్‌కి వెళ్ళే కుటుంబాల్లో పెళ్ళయి ఐదేళ్ళయినా కాపురం మొత్తం కలిపి ఏడాది కూడా ఉండదు. హైదరాబాద్‌లో ఒకరిది పగలు, ఒకరిది నైట్ షిఫ్ట్ అయినా అంతే. ఎగ్ విడుదలయ్యాక ఒక్క రోజే బతుకుతుంది. కణాలు ఐదు రోజుల దాకా ఉండగలవు. గర్భం వచ్చే అవకాశం ఎగ్ విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు మాత్రమే. డేట్ క్రమంగా వచ్చేవారికి పదో రోజు నుంచి ఇరవయ్యో రోజు దాకా రోజు విడిచి రోజు కలిస్తే చాలు. డేట్ ఎప్పుడో తెలియనివారు వారానికి రెండు మూడు సార్లు. యాప్ చూసి "ఈ రాత్రే" అని బిగుసుకుంటే ఆయనకు ఆ రాత్రే కుదరదు.

ఇంకొకటి. పెళ్ళయి ఏళ్ళు గడిచినా కలయికే పూర్తిగా జరగని జంటలు మీరనుకునే దానికంటే ఎక్కువ. అమ్మాయికి భయంతో కండరాలు బిగుసుకుపోవడం, అబ్బాయికి అంగస్తంభన నిలవకపోవడం. అత్తగారి ముందు ఇది ఎవరూ చెప్పరు. నేను ఇద్దరినీ విడివిడిగా అడుగుతాను. దీనికి వైద్యం ఉంది, ఐవీఎఫ్ అక్కర్లేదు.

అన్ని పరీక్షలూ మామూలుగా వచ్చి కారణం తేలనివారూ గణనీయంగానే ఉంటారు. మీ వయసులో అలా తేలితే కొంతకాలం ఎదురుచూడటం కూడా వైద్యమే.

మీకు నేను చెప్పే వరుస: ఈ నెలలోనే ఆయన వీర్య పరీక్ష, మీ టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ప్రొలాక్టిన్, షుగర్, ఒక సరైన స్కానింగ్. డేట్ క్రమంగా వస్తుంటే, రావాల్సిన తేదీకి వారం ముందు రక్తంలో ప్రొజెస్టిరాన్ హార్మోన్ చూస్తే ఎగ్ విడుదలైందో లేదో తెలుస్తుంది. ఆయన రిపోర్టు బాగుంటే మీకు హెచ్‌ఎస్‌జీ. బాగోలేకపోతే యూరాలజిస్టు దగ్గరికి, ఈలోగా మీకు నొప్పి పెట్టే పరీక్షలు అనవసరం. ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇప్పటి నుంచే వేసుకోండి. కౌంట్ పెంచుతామని అమ్మే పొడుల జోలికి వెళ్ళొద్దు. ఐవీఎఫ్ దాకా వెళ్తే, ఇలాంటి సెంటర్ల కోసం వచ్చిన 2021 చట్టం కింద రిజిస్టర్ అయిన సెంటరేనా అని అడిగి, రిజిస్ట్రేషన్ కాగితం చూడండి. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ ఐవీఎఫ్ సెంటర్ కూడా ఉంది.

ఆయన్ని ఒప్పించడం గురించి. "నీలో లోపముందేమో" అని మొదలుపెట్టకండి. "డాక్టర్ నా మందులు మార్చాలంటే నీ రిపోర్టు కావాలట" అనండి, అది నిజం కూడా. అత్తగారి ద్వారా చెప్పించొద్దు. ఇంటి దగ్గరి ల్యాబ్‌లో తెలిసినవాళ్ళు చూస్తారని మొహమాటపడితే పక్క ఊళ్ళో చేయించండి, కానీ వీర్య పరీక్షలు రోజూ చేసే ల్యాబ్ అయి ఉండాలి. రిపోర్టు వచ్చాక పేరు, ఫోన్ నంబరు కనపడకుండా పరిమాణం, కౌంట్, కదలిక, ఆకారం అంకెలూ, మీకు డేట్ ఎన్ని రోజులకోసారి వస్తుందో కింద రాయండి, చూసి చెప్తాను.